లెసేబర్ బెల్టు, తెనాలి ఫోను

2003లో నేను ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఎమ్మెస్ చదువుతున్నప్పుడు మా ఇంట్లో నలుగురికీ కలిపి ఒకటే కారు. 1994 మోడల్ బ్యూక్ లెసేబర్, లేత నీలం రంగు. ఒక ముసలి దంపతుల దగ్గర కొన్నాం. ముందు సీట్లో ముగ్గురు పట్టేవాళ్లు, గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. లక్ష మైళ్లు దాటి తిరిగిన బండి. అయినా ఆ 3800 వీ6 ఇంజన్‌కి ఢోకా లేదని సీనియర్లు ధైర్యం చెప్పారు. వాళ్లు చెప్పింది నిజమే. ఆ ఇంజన్ని పాత కార్ల మెకానిక్కులు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు.

ఆ బండి మీదే మా బతుకంతా నడిచేది. వారానికి సరిపడా కూరగాయలు, బియ్యం బస్తా, పప్పులు దాన్లోనే రావాలి. కొత్తగా వచ్చే జూనియర్లను క్లీవ్‌లాండ్ ఎయిర్‌పోర్టు నుంచి దాన్లోనే తేవాలి. పండగొస్తే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి దాన్లోనే పోవాలి. 1976లో కట్టిన గుడి అది, మాకు రెండు గంటల ప్రయాణం. పులిహోర ప్రసాదం కోసమైనా వెళ్లాలనిపించేది.

ఆ నవంబర్లో చలి ముదిరింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి కీచుమని ఒక అరుపు. మొదట్లో కాసేపు అరిచి ఊరుకునేది. తర్వాత పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా అరవడం మొదలెట్టింది. వీధిలో వాళ్లు కిటికీ తెర పక్కకు జరిపి చూసేవాళ్లు. గ్యారేజీలో అడిగితే బెల్టు మార్చాలి, కూలితో కలిపి నూరు డాలర్లు దాటుతుంది అన్నారు. క్యాంపస్ ఉద్యోగంలో గంటల లెక్కన జీతం తీసుకునే రోజులు, డాలరంటే నలభై అయిదు రూపాయలని ప్రతిదాన్నీ గుణించుకునే రోజులు. ఆ అంకె వినగానే టెన్షన్ పట్టుకుంది.

మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్. శ్రామిక్‌గా చేరి మెకానిక్ అయ్యాడు. నా చిన్నతనమంతా ఆయన ఎక్కువగా నైట్ డ్యూటీలే చేశాడు. బస్సులు రాత్రి డిపోకి చేరాకే కదా పని, మళ్లీ తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసులు బయల్దేరేలోపు అన్నీ సిద్ధం కావాలి. పొద్దున ఇంటికొచ్చి పెరట్లో కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, తర్వాత రంపపు పొట్టుతో రుద్ది, ఆ తర్వాత సబ్బు పెట్టేవాడు. అంత చేసినా గోళ్ల చుట్టూ నల్లటి గీత అలాగే ఉండేది. నేను చూద్దామని దగ్గరికి పోతే "నువ్వు లోపలికి పో, చదువుకో" అనేవాడు. నాకు సైకిల్ పంచరు వేయడం కూడా నేర్పలేదు. చైన్ ఊడితే తనే వచ్చి ఎక్కించేవాడు. అమ్మ ఎప్పుడైనా "వాడికీ కాస్త నేర్పొచ్చుగా" అంటే, "వాడి చేతికి గ్రీజు అంటకూడదనేగా నేను ఇన్ని రాత్రులు మేలుకుంటుంది" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

అందుకే బెల్టు సంగతి నాన్నకు చెప్పాలని నాకు మొదట తోచలేదు. మామూలుగా వారానికోసారి చేసే ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే, కారు అరుస్తోందన్న మాట యథాలాపంగా దొర్లింది. అమ్మ చేతిలోంచి ఫోన్ నాన్న చేతిలోకి వెళ్లింది.

అప్పట్లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే సెల్‌ఫోన్ నిమిషాలు ఫ్రీ. అయిదు డాలర్ల కాలింగ్ కార్డు కొనుక్కుని, దాని వెనక గీకితే వచ్చే నంబరు కొట్టి ఇండియాకు చేసేవాళ్లం. మా తొమ్మిదంటే తెనాలిలో పొద్దున ఏడున్నర. నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, టిఫినుకు కూర్చునే వేళ.

"ఎట్టా అరుస్తోంది?" అన్నాడు.

"కీచుమంటోంది నాన్నా."

"కీచుమనేవి చాలా ఉంటాయి. ఫోను బండి దగ్గర పెట్టు, వింటాను."

కోటు వేసుకుని బయటికి వెళ్లాను. బండి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఫోన్‌ని రేడియేటర్ పైన పట్టుకున్నాను. మా రూమ్మేటు ఖమ్మం అన్న లోపల కూర్చుని స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాడు. బండి గట్టిగా అరిచింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "నీ మెడలో మఫ్లర్ ఉందా?"

"ఉంది."

"తీసి లోపల పడెయ్. తిరిగే పుల్లీ మీదికి మఫ్లరుతో వంగకూడదు. చొక్కా చేతులు కూడా పైకి మడువు. ఆ తర్వాతే మాట్లాడు."

అప్పటిదాకా నేను చూడని మనిషి గొంతు అది. ఇంట్లో నాన్న పెద్దగా మాట్లాడడు. డిపోలో కొత్త కుర్రాళ్లతో ఇలాగే మాట్లాడతాడు కాబోలు అనుకున్నాను.

ఎన్ని బెల్టులున్నాయని అడిగాడు. ఒక్కటే అన్నాను. ఆయన నమ్మలేదు. టార్చి వేసి మళ్లీ చూడమన్నాడు. చూశాను. వెడల్పాటి బెల్టు ఒకటే, లోపలి వైపు పొడుగునా గాళ్లు, ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి బయల్దేరి మెలికలు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్ అన్నిటినీ చుట్టి వచ్చింది. దాన్ని బిగువుగా పట్టుకోవడానికి స్ప్రింగు ఉన్న టెన్షనర్ ఒకటి.

"అంటే అది తెగితే?" అన్నాడు నాన్న.

"చార్జింగ్ ఆగిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, నీళ్లు తిరగవు, ఇంజన్ కాగిపోతుంది."

"ఒక్క బెల్టు మీద అన్నీ పెట్టార్రా! మా బండ్లకైతే జంట బెల్టులుంటాయి, ఒకటి పోయినా రెండోది డిపో దాకా లాక్కొస్తుంది" అన్నాడు. ఆ విషయంలో ఆయన అసంతృప్తి చివరిదాకా పోలేదు. నిజానికి ఆయన మాటలో న్యాయం ఉంది. పాత కార్లలో ఒక్కో పరికరానికి ఒక్కో వీ బెల్టు ఉండేది. ప్రతిదాన్నీ విడిగా బిగించుకోవాలి. డైనమో బోల్టు వదులు చేసి, టామీ రాడ్డుతో ఎగదోసి పట్టుకుని, మళ్లీ బిగించి, బొటనవేలితో నొక్కి చూడటం అంబాసిడర్ నడిపిన ప్రతి డ్రైవరుకీ తెలిసిన విద్య. అమెరికాలో 1979 ఫోర్డ్ మస్టాంగ్ రోజుల నుంచి ఈ ఒంటి బెల్టు పద్ధతి పాకింది. జాగా కలిసొస్తుంది, స్ప్రింగు తనంతట తనే బిగువు చూసుకుంటుంది, మార్చడం తేలిక. తెగిన రోజున మాత్రం బండి ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది.

అప్పటికే మా రూమ్మేటు ఒకడు బెల్టు మీద కొట్టే జిగురు స్ప్రే డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. అది కొడితే అరుపు ఆగుతుందని ఎవరో చెప్పారట. నాన్నకు ఆ మాట చెప్పగానే కోపం వచ్చింది.

"రాయొద్దు. మా డ్రైవర్లు కూడా దారిలో బెల్టు జారితే సబ్బు రాసి తోలుకొచ్చేవాళ్లు. డిపోకొచ్చాక ఆ పుల్లీల గాళ్లలోంచి సబ్బు గోకలేక మా ప్రాణం పోయేది. అరుపు ఆపితే జబ్బు పోయినట్టు కాదు. ముందు ఎందుకు అరుస్తోందో కనుక్కో."

కనుక్కునే పద్ధతీ ఆయనే చెప్పాడు. ఇంజన్ తిరుగుతుండగా దూరం నుంచే బెల్టు గాళ్ల మీద కాసిని నీళ్లు చిమ్మాలి. నీళ్లు పడగానే అరుపు ఇంకా పెరిగితే బిగువు చాలక బెల్టు జారుతున్నట్టు. చప్పున ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలైతే బెల్టుకు జారుడు లేదు, ఏదో పుల్లీ వరస తప్పింది. కిటికీ అద్దాలు తుడిచే బాటిల్లో నీళ్లు పోసి చిమ్మాను. అరుపు ఆగింది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేలోపు మళ్లీ కీచుమంది.

"పుల్లీ వంకర. బెల్టు మారిస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది, కొత్త బెల్టునీ తినేస్తుంది. బెల్టు తీసినప్పుడు ప్రతి పుల్లీనీ వేలితో తిప్పి చూడు. ఏది గరుకుగా తిరుగుతుందో, ఏది అటూ ఇటూ ఊగుతుందో చూడు" అన్నాడు. కాలింగ్ కార్డులో నిమిషం మిగిలిందని ఆడగొంతు హెచ్చరించింది. "నువ్వే చేస్తావా? చెయ్యగలవా?" అని అడిగాడు. చేస్తానన్నాను. కాసేపు ఏమీ అనలేదు. కార్డు అయిపోయింది.

ఆ శనివారం పెట్టుకున్నాం పని. ముందురోజు సామాన్ల షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక పెద్దాయన సంవత్సరం, మోడల్, ఇంజన్ సైజు అడిగి, లోపలికి వెళ్లి అట్టతొడుగులో ఉన్న బెల్టు తెచ్చాడు. గుడియర్ గేటర్‌బ్యాక్. గుడియర్ కంపెనీ ఊళ్లో గుడియర్ బెల్టు కొనడం నాకు ఎందుకో బాగా నచ్చింది. ఆక్రన్‌ని ప్రపంచ రబ్బరు రాజధాని అనేవాళ్లు ఒకప్పుడు. గుడియర్, ఫైర్‌స్టోన్, బీఎఫ్ గుడ్రిచ్, జనరల్ టైర్ అన్నీ ఇక్కడివే. 1980ల నాటికి కార్ల టైర్ల తయారీ ఊరు దాటిపోయింది, కంపెనీల ఆఫీసులు, పరిశోధన మిగిలాయి. ఆ కౌంటర్ పెద్దాయన కూడా వయసులో ఉండగా టైర్ల ఫ్యాక్టరీలో చేసినవాడే. నేనే మార్చుకుంటానంటే సంతోషించాడు. పాత బెల్టు పారేయొద్దు, డిక్కీలో పెట్టుకో, దారిలో పనికొస్తుంది అన్నాడు. రాత్రి ఫోన్లో నాన్న కూడా సరిగ్గా అదే మాట చెప్పాడు. టెన్షనర్ తిప్పడానికి పొడుగాటి సన్నని పానా ఒకటి ఆ షాపువాళ్లే డిపాజిట్ కట్టించుకుని అరువిచ్చారు. పని అయ్యాక తిరిగిస్తే డబ్బంతా వెనక్కి. చదువుకునే పిల్లలకు అంతకంటే ఏం కావాలి!

మేం అద్దెకున్నది క్యాంపస్ పక్కన పాత ఇల్లు. దాని వెనక సిమెంటు వాకిలి ఉండటం మా అదృష్టం. అపార్ట్‌మెంట్లలో అయితే పార్కింగ్‌లో బండి విప్పనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజు ఎండ ఉంది, వేడి లేదు. ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. మొదట బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాం. బానెట్ కింద బెల్టు ఎటు నుంచి ఎటు పోవాలో చూపించే బొమ్మ స్టిక్కరు ఉండాలి. మా బండిలో ఉండేది, కానీ వేడికి, తడికి వెలిసిపోయి సగం గీతలే మిగిలాయి. అందుకని ఖమ్మం అన్న ఒక అట్టపెట్టె మూత చింపి, ఏ పుల్లీ ఎక్కడుందో, బెల్టు దేని మీదుగా పోతోందో, దేనికి గాళ్ల వైపు ఆనుతోందో, దేనికి వీపు వైపు ఆనుతోందో పెన్నుతో గీశాడు. "బొమ్మ లేకుండ ఇప్పినమనుకో, మల్ల ఎక్కియ్యలేం తమ్మీ" అన్నాడు. సివిల్ చదివిన మనిషి, గీతలు చక్కగా వచ్చాయి.

టెన్షనర్ తిప్పడం అన్న పని. పానా తగిలించి, రెండు చేతులతో బలం పెట్టి నొక్కితే స్ప్రింగు మెల్లగా లొంగింది. బెల్టు వదులైన క్షణంలో నేను పైనున్న ఆల్టర్నేటర్ మీద నుంచి దాన్ని జార్చేశాను. మిగతాది కింది నుంచి లాగాలి. ఇంజన్‌కీ పక్క గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మాత్రమే ఉంది. బెల్టు బయటికి వచ్చాక వెనక్కి వంచి చూస్తే గాళ్ల నిండా అడ్డంగా పగుళ్లు, ఎండాకాలం చెరువు నెర్రెల్లా. ఒకచోట గాడి ముక్క ఊడిపోయి లోపలి దారాలు కనబడుతున్నాయి. అది పిట్స్‌బర్గ్ దారిలో తెగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు ఝల్లుమంది.

తర్వాత నాన్న చెప్పిన పని. ఒక్కో పుల్లీ వేలితో తిప్పాను. ఆల్టర్నేటర్ మెత్తగా తిరిగింది. పవర్ స్టీరింగ్ పంపు కాస్త బరువుగా, అయినా నున్నగా తిరిగింది. వాటర్ పంపు బాగుంది. టెన్షనర్ చివరనున్న పుల్లీ దగ్గరికి వచ్చేసరికి వేలికి తెలిసిపోయింది. లోపల ఇసుక పడ్డట్టు గరగర. రెండు వేళ్లతో పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదులుతోంది. బేరింగు పోయింది. దొంగ దొరికాడు. ఎనిమిది వేల మైళ్ల అవతల నుంచి, ఎప్పుడూ చూడని బండిలో, కాసిని నీళ్లతో ఆయన పట్టుకున్న దొంగ.

ఇలాంటి పుల్లీ విడిగా దొరుకుతుంది, మొత్తం టెన్షనర్ మార్చక్కర్లేదు. మళ్లీ షాపుకి పరుగు, పక్కింటి కుర్రాడి బండిలో. పుల్లీ విప్పే ముందు మరలు ఎటు వైపో చూసుకోమని నాన్న హెచ్చరించాడు. కొన్ని బండ్లలో అక్కడ ఎడమ మరలుంటాయి, వాటిని ఉల్టా తిప్పి విప్పాలి, తెలియక బలం పెడితే బోల్టు విరుగుతుంది. మాది మామూలు మరే. కొత్త పుల్లీ వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది.

కొత్త బెల్టునీ పాత బెల్టునీ పక్కపక్కన పెట్టి చూశాం. గాళ్లు ఆరుకు ఆరు సరిపోయాయి. పాతది సాగి ఒక పిసరు పొడుగు కనబడింది, అంతే. ఈ బెల్టుల మీద 6పీకే అని, దాని పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది చూడండి, అందులో ఆరంటే గాళ్ల లెక్క, పీకే అంటే గాడి కొలత, చివరి అంకె మిల్లీమీటర్లలో పొడవు. ఈ రోజుకీ ఏ బెల్టు కొన్నా ఆ మూడూ చదివాకే డబ్బు కడతాను.

ఎక్కించడం అసలు పని. కింద క్రాంక్ పుల్లీ నుంచి మొదలెట్టి, అట్ట మీద బొమ్మ చూసుకుంటూ ఒక్కొక్కటే చుట్టుకొచ్చాను. పైన ఎక్కిస్తే కింద జారుతుంది. కింద సర్దితే పక్కది ఊడుతుంది. మూడోవాడు టార్చి పట్టుకుని "జారింది, మళ్లీ జారింది" అని చెప్పడమే పని. అన్న పానా మీద బరువంతా వేసి స్ప్రింగు నొక్కిపెట్టాడు, చలికి ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆఖరున ఆల్టర్నేటర్ మీదికి బెల్టు జరుపుతుంటే, "జల్ది తమ్మీ" అన్న మాటకీ బెల్టు ఎక్కడానికీ సరిపోయింది. పానా వదిలితే టెన్షనర్ వచ్చి బెల్టుకు ఆనుకుంది. ఆ బిగువు చూడాలి, లాగి కట్టిన తీగలాగే ఉంది అనిపించి వేలితో మీటాను కూడా.

బండి వెంటనే స్టార్ట్ చేయలేదు. ప్రతి పుల్లీ దగ్గర టార్చి వేసి, బెల్టు అంచు బయటికి పొడుచుకొచ్చిందా, ఆరు గాళ్లూ ఆరు గాళ్లలోనే కూర్చున్నాయా అని చూడాలి. ఒక్క గాడి పక్కకు తప్పినా బెల్టు చీరుకుపోతుంది. ఇది కూడా నాన్న మాటే. చూశాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బ్యాటరీ వైరు తగిలించి తాళం తిప్పితే ఇంజన్ మాత్రమే వినబడింది. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాం. లైట్లు, హీటరు, ఏసీ అన్నీ ఒకేసారి వేశాం. అరుపు లేదు. ఖమ్మం అన్న బానెట్ మీద చెయ్యి వేసి "మంచిగైంది" అన్నాడు.

ఆ రాత్రి తొమ్మిది కాగానే ఫోన్ చేశాను. నాన్న పలకరింపులేమీ లేకుండా "పెట్టు" అన్నాడు. బయటికి వెళ్లి, మఫ్లర్ లేకుండా, ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టాను. చాలాసేపు విన్నాడు. తర్వాత అమ్మతో అంటున్నది నాకు వినిపించింది: "బేరింగు వాడే పట్టుకున్నాడు."

పాత బెల్టు మా ఇంట్లో ఇంకో పనికి కూడా వచ్చింది. మా నాలుగో రూమ్మేటు నెల్లూరువాడు, పాలిమర్ సైన్స్ చదివేవాడు. ఆక్రన్ యూనివర్సిటీకి ప్రపంచంలో పేరున్నదే ఆ శాఖకు. వాడు ఆ బెల్టు వంచి పట్టుకుని వంటింట్లో మాకు ఒక క్లాసు చెప్పాడు. బరువు లాగేది రబ్బరు కాదట, లోపలున్న పాలిస్టర్ దారాలట. రబ్బరు పని పట్టు ఇవ్వడం. మా పాత బెల్టు నియోప్రీన్, 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన రబ్బరు. ఏళ్ల తరబడి వేడికి, గాలిలోని ఓజోన్‌కి గట్టిపడి పగులుతుంది. కొత్తగా వస్తున్న బెల్టులు ఈపీడీఎమ్ అనే రబ్బరువి, అవి అంత తొందరగా పగలవు. కానీ పగుళ్లు లేవు కదా అని మోసపోకూడదు, టైరు అరిగినట్టు గాళ్లు లోపల్లోపల అరిగిపోతాయి. పగుళ్లు వెతికే పాత అలవాటు వాటికి పనికిరాదు, గాడి లోతు చూడాలి. గంధకం కలిపి కాల్చి రబ్బరుకు గట్టిదనం తెచ్చిన చార్లెస్ గుడియర్ 1860లో అప్పులతో చనిపోయాడనీ, కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టి ఆయన పేరు పెట్టుకున్నారనీ కూడా వాడే చెప్పాడు. వాడు చెబుతుంటే ఆ నల్లటి బెల్టు మీద గౌరవం పెరిగింది.

2005 మేలో నా గ్రాడ్యుయేషన్‌కి అమ్మా నాన్నా వచ్చారు. వచ్చిన మర్నాడు నేను లేచేసరికి నాన్న మంచం మీద లేడు. తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసు వేళకే మెలకువ వచ్చేసిందట. వాకిట్లో బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి "స్టార్ట్ చెయ్" అన్నాడు. వంటింట్లోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తెప్పించుకుని, దాని కొన ఒక్కో భాగం మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. బెల్టు కదిలే చోటికి చొక్కా అంచు కూడా పోనివ్వకుండా వంగడం ఎలాగో ఆ రోజు కళ్లారా చూశాను. టెన్షనర్ పుల్లీ దగ్గర తల ఊపాడు. ఆల్టర్నేటర్ దగ్గర ఆగాడు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి నన్ను వినమన్నాడు. సన్నగా, ఊళ పెట్టినట్టు ఒక చప్పుడు.

"వెనక బేరింగు. ఇంకో చలికాలం దాటదు. సామాను ఎక్కడ దొరుకుద్ది?"

షాపుకి తీసుకెళ్లాను. ఇక్కడ బాగుచేసిన ఆల్టర్నేటర్లు అమ్ముతారనీ, పాతది తెచ్చిస్తే అదనంగా కట్టించుకున్న డిపాజిట్ తిరిగిస్తారనీ చెబితే ఆయనకు చాలా నచ్చింది. తమ పాత యూనిట్లు కూడా విజయవాడ విద్యాధరపురం జోనల్ వర్క్‌షాపుకి వెళ్లి బాగై వస్తాయని ఆ కౌంటర్ పెద్దాయనకు చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నాడు, ఎన్ని బస్సులు అని అడిగాడు. మొత్తం ఆర్టీసీవి దాదాపు పంతొమ్మిది వేలని నాన్న తెలుగులో చెబితే నేను ఇంగ్లిషులో చెప్పాను. పెద్దాయన ఈల వేశాడు. 1999లో ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన సంస్థ తనదని నాన్న అప్పుడు నిలబడిన తీరులోనే ఉంది.

ఆ ఇంజన్లో ఆల్టర్నేటర్ పైనే ఉంటుంది, విప్పడం కష్టం కాదు. బెల్టు మాత్రం మళ్లీ దించాలి. నాన్న టెన్షనర్ పానా అందుకుంటాడని పక్కకు జరిగాను. ఆయన దాన్ని నా చేతిలోనే ఉంచాడు. "నువ్వు నొక్కు. బెల్టు నేను తీస్తాను" అన్నాడు. నేను నొక్కాను. నల్ల గీతలున్న వేళ్లు బెల్టు కిందికి వెళ్లి దాన్ని సులువుగా పక్కకు జరిపాయి. పని అయ్యాక ఇద్దరం కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాం. నా గోళ్లలో మడ్డి చూసి, సబ్బుకంటే ముందు కాస్త వంటనూనె రాసుకో, తొందరగా వదులుద్ది అన్నాడు.

ఆగస్టులో నాకు ఉద్యోగం వచ్చి టెక్సాస్ వెళ్తుంటే బండి గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ల చేతుల్లో పెట్టాం. నాన్న ఇండియా వెళ్లే ముందే బానెట్ కింద వెలిసిపోయిన స్టిక్కరు మీద కొత్త కాగితం అంటించాడు. బాల్‌పెన్నుతో గీసిన బెల్టు దారి, పక్కన తెలుగులో పుల్లీల పేర్లు, పైన సెల్లోటేపు. జూనియర్లకు ఆ కాగితం, డిక్కీలో పాత బెల్టు, దాన్ని ఎప్పుడు వాడాలో ఎప్పుడు వాడకూడదో అన్నీ నేను చెప్పాను. ఆ తర్వాత బండి మూడేళ్లు నడిచిందట. రోడ్ల మీద చల్లే ఉప్పుకు కింది భాగం తుప్పు పట్టి తుక్కు కింద ఇచ్చేశారు. ఒహాయోలో పాత కార్లు చాలావరకు అలాగే పోతాయి. ఇంజన్ చివరిరోజు దాకా బాగుందనీ, బెల్టు మళ్లీ మార్చాల్సిన పని పడలేదనీ వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట నాన్నకు చెబితే, "పుల్లీ మార్చాం కదరా" అన్నాడు.